తుల్య సమీకరణంలోని గుణకాలు రేటు సమీకరణంలో ఘాతాలు ఎందుకు కావు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నైట్రోజన్ డైఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ డైఆక్సైడ్ ఇస్తాయి. సమీకరణంలో అన్నిటి గుణకమూ ఒకటే. పుస్తకంలో మాత్రం రేటు నైట్రోజన్ డైఆక్సైడ్ గాఢత వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని రాశారు, కార్బన్ మోనాక్సైడ్ ఊసే లేదు. అది అసలు లేకపోతే చర్యే జరగదు కదా, ఖర్చయ్యే పదార్థం రేటు సమీకరణంలో లేకపోవడం ఏమిటి? సమతాస్థితి స్థిరాంకానికి గుణకాలనే ఘాతాలుగా వాడుతున్నప్పుడు ఇక్కడెందుకు వాడకూడదు? మరి క్రమాంకం (రేటు సమీకరణంలో గాఢతకు ఉండే ఘాతం) కనుక్కునేదెలా, రేటు స్థిరాంకం (ఆ గాఢతలను గుణించే స్థిర సంఖ్య) యూనిట్లు ఒక్కో చోట ఒక్కోలా ఎందుకుంటాయి?

ముందు సూటిగా జవాబు. క్రమాంకం ప్రయోగం చేసి తెలుసుకోవలసిందే. తుల్య సమీకరణం చూసి చెప్పలేం. చర్య ఒకే ఒక అడుగులో జరుగుతుందని ఖాయంగా తెలిసినప్పుడు మాత్రం గుణకాలే ఘాతాలవుతాయి. పుస్తకాల్లో మనం రాసే సమీకరణాల్లో చాలావాటికి ఆ హామీ లేదు.

తుల్య సమీకరణం జమాఖర్చుల పద్దు లాంటిది. ఎంత పోయింది, ఎంత వచ్చింది అన్నదే అందులో ఉంటుంది. ఏ దారిన వచ్చింది, మధ్యలో ఏయే పదార్థాలు పుట్టి మాయమయ్యాయి, ఎక్కడ ఆలస్యమైంది అన్నవి ఉండవు. రేటు మాత్రం పూర్తిగా ఆ దారి మీదే ఆధారపడుతుంది.

నా విద్యార్థులు ఈ మాటను ఒప్పుకుంటారు గానీ నమ్మరు. వాళ్లకి నేను చెప్పేది ఇది. డైనైట్రోజన్ పెంటాక్సైడ్ విఘటనాన్ని రెండు అణువులు విడిపోయి నాలుగు నైట్రోజన్ డైఆక్సైడ్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు వచ్చినట్టు రాయవచ్చు. అన్నిటినీ రెండుతో భాగించి, ఒక అణువు విడిపోయి రెండు నైట్రోజన్ డైఆక్సైడ్ అణువులు, అర ఆక్సిజన్ వచ్చినట్టూ రాయవచ్చు. రెండూ సరైన సమీకరణాలే. గుణకాలే ఘాతాలైతే మొదటిదాని ప్రకారం క్రమాంకం 2, రెండోదాని ప్రకారం 1 కావాలి. గాఢత రెట్టింపు చేస్తే రేటు నాలుగు రెట్లవుతుందా, రెండు రెట్లవుతుందా అన్నది మనం కాగితం మీద ఎలా రాశామన్నదాన్ని బట్టి మారదు కదా! 1921లో డేనియల్స్, జాన్‌స్టన్ ఈ చర్యను కొలిస్తే ప్రథమ క్రమాంకమే తేలింది. సమీకరణాన్ని ఎటు రాసినా అది ప్రథమ క్రమాంకమే.

సమతాస్థితి స్థిరాంకానికి ఈ చిక్కు రాదు. సమీకరణాన్ని సగం చేస్తే ఆ స్థిరాంకం వర్గమూలమవుతుంది, లెక్క ఎక్కడా చెడదు. కారణం ఏమిటంటే, సమతాస్థితిలో చర్యలోని ప్రతి అడుగూ విడివిడిగా సమతాస్థితిలోనే ఉంటుంది. ఆ అడుగుల స్థిరాంకాలన్నిటినీ గుణిస్తే మధ్యలో పుట్టి మాయమయ్యే పదార్థాల గాఢతలు కొట్టుకుపోయి, మొదటివీ చివరివీ మిగులుతాయి. చర్య రెండు అడుగుల్లో జరిగినా ఇరవై అడుగుల్లో జరిగినా ఆ గుణకారం ఫలితం ఒకటే. రేట్లను అలా గుణించడానికి కుదరదు. వరుసగా జరిగే అడుగుల్లో ఒకటి మిగతావాటికంటే బాగా నెమ్మదిగా ఉంటే మొత్తం వేగాన్ని అదే నిర్ణయిస్తుంది. దాని తర్వాత వచ్చే అడుగుల్లో ఎవరు పాల్గొన్నా వాళ్ల గాఢతలకు రేటు సమీకరణంలో చోటుండదు.

ఇప్పుడు మీ చర్యకు వద్దాం. సుమారు 225 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతల్లో దీన్ని రెండు అడుగులుగా వివరిస్తారు. మొదట రెండు నైట్రోజన్ డైఆక్సైడ్ అణువులు ఢీకొని నైట్రోజన్ ట్రైఆక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ ఇస్తాయి. ఇది నెమ్మది. తర్వాత ఆ ట్రైఆక్సైడ్ కార్బన్ మోనాక్సైడ్‌కు ఒక ఆక్సిజన్ పరమాణువును ఇచ్చేసి మళ్లీ డైఆక్సైడ్ అవుతుంది. ఇది చాలా వేగం. కార్బన్ మోనాక్సైడ్‌ను రెట్టింపు చేశారనుకోండి, అది ఎదురుచూసే ట్రైఆక్సైడ్ తయారయ్యే వేగం మారలేదు కాబట్టి రేటు కదలదు.

కార్బన్ మోనాక్సైడ్ అసలు లేకపోతే చర్య జరగదన్న మీ మాట మాత్రం నిజమే. దాని గాఢత మరీ తగ్గిపోతే రెండో అడుగు కూడా నెమ్మదిస్తుంది, ట్రైఆక్సైడ్ వెనక్కి తిరిగి నైట్రిక్ ఆక్సైడ్‌తోనే కలిసిపోవడం మొదలవుతుంది, అప్పుడు పాత రేటు సమీకరణం పనికిరాదు. ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రతల్లో ఇదే చర్య నేరుగా ఒక అడుగులో జరిగే దారి పైచేయి సాధిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ గాఢత రేటు సమీకరణంలోకి వస్తుంది. అంచేత ఏ రేటు సమీకరణమైనా కొలిచిన గాఢతల, ఉష్ణోగ్రతల పరిధిలోనే చెల్లుతుంది. పుస్తకాల్లో ఈ ముక్క చాలాసార్లు వదిలేస్తారు, సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

శూన్య క్రమాంకాన్ని కళ్లారా చూడాలంటే అసిటోన్ అయొడినేషన్‌ను మించిన ప్రయోగం నాకు తెలియదు. అసిటోన్, ఆమ్లం బాగా ఎక్కువగా తీసుకుని, కొద్దిగా అయొడిన్ కలిపి కొలరీమీటర్‌లో (ద్రావణం రంగు ఎంత ముదురుగా ఉందో కొలిచే పరికరం) పెట్టండి. మామూలుగా గాఢత తగ్గేకొద్దీ చర్య నెమ్మదించి గ్రాఫు వంపు తిరుగుతుందని అనుకుంటాం. ఇక్కడ అలా జరగదు. రంగు తగ్గే గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా కిందికి దిగుతుంది, సున్నా దగ్గర మూల తిరిగినట్టు ఠక్కున ఆగిపోతుంది. చివరి కాస్త అయొడిన్ కూడా మొదటిదాని వేగంతోనే ఖర్చయిందన్నమాట. రేటు అసిటోన్ మీద, ఆమ్లం మీద ఆధారపడుతుంది, అయొడిన్ మీద కాదు. ఆమ్లం సాయంతో అసిటోన్ ఈనాల్ రూపానికి (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్న రూపం) మారడమే నెమ్మది అడుగు. ఆ ఈనాల్ తయారవడమే ఆలస్యం, అయొడిన్ దాన్ని పట్టేసుకుంటుంది. అయొడిన్ బదులు బ్రోమిన్ వాడినా రేటు అదే వస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో ఆర్థర్ లాప్‌వర్త్ ఇలాంటి కొలతల నుంచే హాలోజన్ రంగంలోకి దిగకముందే ఒక నెమ్మది అడుగు ఉందని తేల్చాడు. రేటు సమీకరణం వల్ల ప్రయోజనం ఇదే. కంటికి కనిపించని అడుగు గురించి అది కబురు చెబుతుంది.

శూన్య క్రమాంకానికి ఇంకో కారణం ఉపరితలం నిండిపోవడం. వేడి టంగ్‌స్టన్ తీగ మీద అమ్మోనియా విడిపోవడం అలాంటిది. తీగ ఉపరితలమంతా అణువులతో నిండిపోయాక చుట్టూ ఉన్న వాయువు పీడనం పెంచినా కొత్తవాటికి చోటు లేదు. పీడనం బాగా తగ్గిస్తే చోటు ఖాళీ అవుతుంది, రేటు మళ్లీ పీడనాన్ని బట్టి మారుతుంది. ఎంజైముల విషయంలోనూ ఇంతే.

ఒకే పోలిక ఉన్న సమీకరణాలకు ఒకే రేటు సమీకరణం ఉండనవసరం లేదు. హైడ్రోజన్, అయొడిన్ కలిసి హైడ్రోజన్ అయొడైడ్ ఇచ్చే చర్య, హైడ్రోజన్, బ్రోమిన్ కలిసి హైడ్రోజన్ బ్రోమైడ్ ఇచ్చే చర్య కాగితం మీద కవలపిల్లల్లా ఉంటాయి. రెండిటినీ కొలిచినవాడు మాక్స్ బోడెన్‌స్టైన్. మొదటిదానికి రేటు హైడ్రోజన్ గాఢత, అయొడిన్ గాఢతల లబ్ధానికి అనులోమానుపాతంలో ఉందని తేలింది. రెండోదాన్ని 1906 ప్రాంతంలో లిండ్‌తో కలిసి కొలిస్తే వచ్చిన సమీకరణం వేరే రకం: లవంలో హైడ్రోజన్ గాఢత, బ్రోమిన్ గాఢత వర్గమూలం, హారంలో ఒకటికి కలిపి హైడ్రోజన్ బ్రోమైడ్‌కూ బ్రోమిన్‌కూ ఉన్న నిష్పత్తితో కూడిన మరో పదం. తయారైన పదార్థమే చర్యకు అడ్డు తగులుతోంది! బ్రోమిన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోయి గొలుసు చర్య నడపడమే ఇందుకు కారణమని మరో పదేళ్లు దాటాక క్రిస్టియన్‌సన్, హెర్జ్‌ఫెల్డ్, పొలాన్యీ ఎవరికి వారుగా వివరించారు. వర్గమూలం వచ్చింది ఆ విడిపోవడం నుంచే. ఇలాంటి చర్యకు మొత్తం క్రమాంకం (అన్ని ఘాతాలనూ కూడితే వచ్చేది) ఎంత అంటే ఒక అంకె చెప్పలేం. బ్రోమైడ్ ఇంకా ఏర్పడని తొలి క్షణాల్లో మాత్రం ఒకటిన్నర అనవచ్చు.

గుణకాలతో ఘాతాలు సరిపోయినంత మాత్రాన చర్య ఒకే అడుగులో జరిగిందనుకోవడం కూడా తప్పే. హైడ్రోజన్, అయొడిన్ చర్యనే తీసుకోండి. రెండు అణువులు నేరుగా ఢీకొని జరిగే చర్యకు దాన్నే ఉదాహరణగా చాలాకాలం చెప్పుకున్నారు. 1967లో సలివన్ కాంతితో అయొడిన్ పరమాణువులు పుట్టించి చేసిన ప్రయోగాలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. పరమాణువుల ద్వారా జరిగినా అదే రేటు సమీకరణం వస్తుంది. అలాగే నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్ చర్య. రెండు నైట్రిక్ ఆక్సైడ్‌లు, ఒక ఆక్సిజన్. రేటు కూడా మొదటిదాని వర్గానికి, రెండోదాని మొదటి ఘాతానికి అనులోమం. అతికినట్టు సరిపోయింది. కానీ ఈ చర్య వేడి చేస్తే నెమ్మదిస్తుంది. దీనికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఏమిటంటే, మొదట రెండు నైట్రిక్ ఆక్సైడ్ అణువులు జతకట్టి ఒక బలహీనమైన జంట ఏర్పడుతుంది, ఆ జంట ఆక్సిజన్‌తో చర్య జరుపుతుంది. వేడికి ఆ జంటలు విడిపోతాయి కాబట్టి రేటు పడిపోతుంది. మూడు అణువులు ఒకే క్షణంలో ఒకేచోట ఢీకొనడం ఎలాగూ చాలా అరుదు.

ఇక్కడే మాలిక్యులారిటీకీ క్రమాంకానికీ ఉన్న తేడా తేలిపోతుంది. మాలిక్యులారిటీ అంటే ఒక్క అడుగులో ఎన్ని అణువులు పాల్గొన్నాయన్న లెక్క. అది 1, 2, మహా అయితే 3. సున్నా, అర, ఋణ సంఖ్య కావడానికి వీల్లేదు. క్రమాంకం కొలతలో తేలే సంఖ్య కాబట్టి ఏదైనా కావచ్చు. ఓజోన్ విడిపోయి ఆక్సిజన్ అయ్యే చర్యలో రేటు ఓజోన్ గాఢత వర్గానికి అనులోమంగా, ఆక్సిజన్ గాఢతకు విలోమంగా ఉంటుంది, అంటే ఆక్సిజన్ పరంగా క్రమాంకం ఋణ ఒకటి. ఓజోన్ నుంచి విడిపోయిన ఆక్సిజన్ పరమాణువును, చుట్టూ ఉన్న ఆక్సిజన్ అణువులు పట్టుకుని మళ్లీ ఓజోన్‌గా మార్చేస్తుంటాయి. ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే వెనక్కి లాగడం అంత ఎక్కువ.

ఇక క్రమాంకం కనుక్కోవడం. మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది తొలి రేట్ల పద్ధతి. ఒక్కో పదార్థం గాఢతను ఒక్కోసారి మార్చి, మిగతావి కదపకుండా చర్య మొదట్లో రేటు ఎంతుందో చూడటం. పర్‌సల్ఫేట్, అయొడైడ్ చర్య దీనికి బాగుంటుంది. సమీకరణంలో ఒక పర్‌సల్ఫేట్‌కు రెండు అయొడైడ్‌లు. ద్రావణంలో కొద్దిగా, ప్రతిసారీ ఒకే కొలతలో థయోసల్ఫేట్, స్టార్చ్ కలుపుతాం. పుట్టిన అయొడిన్‌ను థయోసల్ఫేట్ వెంటనే తినేసి తిరిగి అయొడైడ్‌గా మారుస్తుంది, కాబట్టి ద్రావణం తేటగానే ఉంటుంది, అయొడైడ్ గాఢత కూడా తగ్గదు. థయోసల్ఫేట్ అయిపోయిన క్షణాన ఫ్లాస్కు అంతా ఒక్కసారిగా ముదురు నీలమవుతుంది. ఆ సమయం ఎంత తక్కువైతే రేటు అంత ఎక్కువ.

మచ్చుకు మొదటి ప్రయోగంలో 122 సెకన్లు పట్టిందనుకుందాం. అయొడైడ్ రెట్టింపు చేస్తే 60, అయొడైడ్ అలాగే ఉంచి పర్‌సల్ఫేట్ రెట్టింపు చేస్తే 62. అయొడైడ్ పరంగా క్రమాంకం 2 అయ్యుంటే సుమారు 30 సెకన్లకే నీలం రావాలి. రాలేదు. రెండిటి పరంగానూ క్రమాంకం ఒకటే, గుణకం రెండైనా సరే.

ఈ ప్రయోగంలో విద్యార్థులు తడబడే చోట్లు తెలిసినవే. లెక్కలోకి తీసుకోవలసింది సీసా మీద రాసిన గాఢత కాదు, అన్నీ కలిపాక ఉన్న గాఢత. కాబట్టి మొత్తం ఘనపరిమాణం ప్రతిసారీ ఒకటే ఉండాలి. రెండు ఋణ అయాన్లు ఒకదాన్నొకటి చేరవలసిన చర్య ఇది, ద్రావణంలో మొత్తం లవణం పెరిగినా చాలు, రేటు పెరుగుతుంది. అందుకని తగ్గించిన పొటాషియం అయొడైడ్ స్థానంలో ఉత్త నీళ్లు కాకుండా అంతే గాఢతగల పొటాషియం క్లోరైడ్ లేదా నైట్రేట్ పోయాలి, పర్‌సల్ఫేట్ స్థానంలో సల్ఫేట్. ఒక్క డిగ్రీ తేడాకే రేటు ఆరేడు శాతం మారుతుంది కాబట్టి థర్మామీటర్ మీద కన్నుండాలి. రాగి, ఇనుము అయాన్లు అణుమాత్రం కలిసినా ఉత్ప్రేరకాలుగా పనిచేస్తాయి, గాజుసామాను శుభ్రంగా ఉండాలి.

రెట్టింపు చేసినప్పుడు రేటు మారకపోతే సున్నా, 2 రెట్లైతే ఒకటి, 4 రెట్లైతే రెండు, 1.41 రెట్లైతే అర, 2.83 రెట్లైతే ఒకటిన్నర, సగానికి పడిపోతే ఋణ ఒకటి. వేరే నిష్పత్తులు వస్తే రేట్ల నిష్పత్తి లాగ్‌ను గాఢతల నిష్పత్తి లాగ్‌తో భాగించండి. పరీక్షలో ఇచ్చే పట్టికల్లో చాలావరకు ఇంతే, టెన్షన్ పడాల్సిందేమీ లేదు.

రెండో దారి గ్రాఫులు. ఒకే ప్రయోగాన్ని చివరికంటా గమనించి, గాఢత, దాని సహజ లాగ్, దాని వ్యుత్క్రమం, ఈ మూడిట్లో కాలంతో ఏది సరళరేఖ ఇస్తే అది వరుసగా శూన్య, ప్రథమ, ద్వితీయ క్రమాంకం. ఇక్కడ ఒక హెచ్చరిక. చర్య మొదటి 20 శాతం మాత్రమే గమనిస్తే మూడు గ్రాఫులూ తిన్నగానే కనిపిస్తాయి. లెక్క వేసి చూడండి. 20 శాతం ఖర్చయిన సమయాన్ని మూడింటికీ ఒకటేగా పెడితే, అందులో సగం సమయానికి మిగిలేది శూన్య క్రమాంకానికి 90 శాతం, ప్రథమానికి 89.4, ద్వితీయానికి 88.9. ఆ తేడా మామూలు కొలతల దోషంలో కలిసిపోతుంది. అదే చర్యను ఇంకా ముందుకు తీసుకెళ్లండి. సగం ఖర్చవడానికి పట్టిన సమయానికి (అర్ధాయువు) మూడు రెట్ల సమయం గడిచేసరికి ప్రథమ క్రమాంకంలో 12.5 శాతం మిగులుతుంది, ద్వితీయంలో 25 శాతం, శూన్యంలో ఎప్పుడో అయిపోయింది. కనీసం రెండు మూడు అర్ధాయువులైనా చూడకుండా గ్రాఫు బట్టి క్రమాంకం చెప్పవద్దు.

తొలి రేట్ల నుంచి వచ్చిన క్రమాంకం, ఒకే ప్రయోగాన్ని చివరిదాకా చూసి తీసిన క్రమాంకం కలవకపోతే కొలతలు పారేయకండి. ఏర్పడిన పదార్థం చర్యలో జోక్యం చేసుకుంటోందేమో చూడండి. హైడ్రోజన్ బ్రోమైడ్ కథ అదే.

ఏదైనా పదార్థం మిగతావాటికంటే బాగా ఎక్కువగా ఉంటే దాని గాఢత ప్రయోగం పొడుగునా దాదాపు మారదు, అది రేటు స్థిరాంకంలో కలిసిపోతుంది. నీళ్లలో ఎస్టర్ జలవిశ్లేషణ ఇందుకు మంచి ఉదాహరణ. లీటరు నీళ్లలో సుమారు 55.5 మోల్‌ల నీరుంటుంది. అందులో 0.1 మోల్ ఎస్టర్ పూర్తిగా ఖర్చయినా నీరు 55.4కే తగ్గుతుంది. అందుకే అది ప్రథమ క్రమాంకంగా కనిపిస్తుంది. 1850లో విల్‌హెల్మీ ఆమ్లంలో చక్కెర జలవిశ్లేషణను ధ్రువణ కాంతితో అనుసరించి, రేటు మిగిలిన చక్కెరకు అనులోమంగా ఉందని చూపినప్పుడూ నీరు, ఆమ్లం ఇలాగే మారకుండా ఉన్నాయి. మిథ్యా ప్రథమ క్రమాంకం అనేది దీన్నే. ఆమ్లం గాఢత మార్చి మళ్లీ కొలిస్తే ఆ ‘స్థిరాంకం’ కూడా మారుతుంది. ఆమ్లం పరంగా క్రమాంకం కనుక్కునేది ఆ మార్పు నుంచే.

చివరిగా యూనిట్లు. రేటు యూనిట్ ఎప్పుడూ ఒకటే, లీటరుకు సెకనుకు ఇన్ని మోల్‌లు. సమీకరణం కుడివైపున గాఢతల ఘాతాలు పోగా మిగిలినదాన్ని స్థిరాంకం భర్తీ చేయాలి. శూన్య క్రమాంకానికి స్థిరాంకం యూనిట్ రేటు యూనిట్టే. ప్రథమానికి కేవలం ‘సెకనుకు’. ద్వితీయానికి మోల్‌కు సెకనుకు ఇన్ని లీటర్లు. యూనిట్ ఇస్తే దాన్నుంచి మొత్తం క్రమాంకం వెనక్కి చెప్పవచ్చు, ఏ పదార్థానికి ఎంత అన్నది మాత్రం చెప్పలేం. సమీకరణంలో గుణకం రెండున్న పదార్థం తగ్గే రేటును చర్యా రేటు అంటున్నారా, దాన్ని రెండుతో భాగించి అంటున్నారా అన్నది కూడా చూసుకోండి. క్రమాంకం మారదు గానీ స్థిరాంకం విలువ రెట్టింపో సగమో అవుతుంది, రెండు పుస్తకాల్లో రెండు విలువలు కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం. వేర్వేరు క్రమాంకాలున్న రెండు చర్యల స్థిరాంకాలను పక్కపక్కన పెట్టి ఏది వేగవంతమైందని అడిగితే ఆ ప్రశ్నకు అర్థం లేదు. గాఢతలు చెప్పి, రేట్లు లెక్కగట్టి, అప్పుడు పోల్చాలి.